నార్మన్ స్పెక్టర్: ఒప్పందాల గది నుంచి పత్రికా కాలమ్ దాకా

పార్లమెంటరీ ప్రభుత్వాల్లో మంత్రికీ అధికారికీ మధ్య ఒక పాత ఒడంబడిక నడుస్తూ ఉంటుంది. అధికారి జంకు లేకుండా సలహా ఇస్తాడు. మంత్రి నిర్ణయం తీసుకుని సభలో దానికి జవాబు చెబుతాడు. ఆ సలహా ఏమిటో, మంత్రి దాన్ని విన్నాడో పెడచెవిన పెట్టాడో అధికారి మాత్రం బయట చెప్పడు. బ్రిటన్ నుంచి ఈ పద్ధతిని తెచ్చుకున్న దేశాల్లో కెనడా దీన్ని కాస్త ఎక్కువ నిష్ఠతోనే పాటించింది. అందుకే అక్కడి పెద్ద అధికారులు పదవీ విరమణ తరువాత సాధారణంగా మౌనంగానే ఉండిపోతారు. నోరు విప్పేవారు కూడా సంగతులన్నీ పాతబడి, సంబంధించినవారిలో చాలామంది లేకుండా పోయాక జ్ఞాపకాలు రాస్తారు. 1952 నుంచి 1957 వరకు ఢిల్లీలో కెనడా హైకమిషనర్‌గా పనిచేసిన ఎస్కాట్ రీడ్, నెహ్రూ కాలంలోని తన అనుభవాలను పుస్తకంగా తెచ్చింది 1981లో. 1981 నుంచి 1989 వరకు వాషింగ్టన్‌లో రాయబారిగా ఉన్న ఆలన్ గాట్లీబ్ డైరీలు అచ్చయింది 2006లో.

నార్మన్ స్పెక్టర్ ఈ వరుసలో ఇమడరు. ఆయన రాష్ట్ర ప్రభుత్వ అధికారిగా, రాజధాని ఒట్టావాలో రాజ్యాంగ చర్చలు నడిపిన కేంద్ర కార్యదర్శిగా, ప్రధాని కార్యాలయ అధిపతిగా, ఇజ్రాయెల్‌లో రాయబారిగా పనిచేశారు. ఆ తరువాత ఒక దినపత్రికకు ప్రచురణకర్త అయ్యారు, చివరికి కాలమిస్టుగా స్థిరపడ్డారు. తాను ఎవరి కింద పనిచేశారో వారు ఇంకా ప్రజాజీవితంలో ఉండగానే వారి గురించి రాశారు, మాట్లాడారు, విచారణల్లో సాక్ష్యం చెప్పారు. ఇన్ని వృత్తులు మారిన మనిషిగా ఆయనను పరిచయం చేయడం సులభమే. అయితే ఆ వృత్తులన్నింటిలోనూ ఆయన చేతికి వచ్చిన సమస్య ఒకటేనని గమనిస్తే ఆ ప్రస్థానం మరింత బాగా అర్థమవుతుంది. మూసిన తలుపుల వెనుక కుదిరిన మాటకు బయట ఎవరు, ఏ ఆధారంతో సాక్ష్యం చెప్పాలి? అధికారిగా ఉన్నంతకాలం ఆయన పని అలాంటి మాటలను కుదర్చడం. పత్రికారంగంలో ఆయనకు దక్కిన విలువ, ఎదురైన చిక్కు రెండూ అక్కడి నుంచే వచ్చాయి.

స్పెక్టర్ 1949లో మాంట్రియల్‌లో పుట్టారు. ఆ నగరపు యూదు సమాజం ఎక్కువగా ఇంగ్లీషు మాట్లాడేది, చుట్టూ ఉన్న క్విబెక్ రాష్ట్రం మాత్రం ఫ్రెంచిది. 1976లో క్విబెక్‌లో వేర్పాటువాద పార్టీ అధికారంలోకి రావడం, మరుసటి ఏడాది ఫ్రెంచి భాషకు ప్రాధాన్యమిస్తూ చట్టం రావడం, ఇంగ్లీషు మాట్లాడేవారు పెద్దసంఖ్యలో టొరంటో వైపూ పశ్చిమ రాష్ట్రాల వైపూ వలసపోవడం ఆయన తరం కళ్ళముందు జరిగినవే. రెండు భాషల్లోనూ పత్రికలు చదవగలగడం, ఒకే వార్త రెండు భాషల్లో రెండు వార్తలుగా మారిపోవడాన్ని గుర్తించగలగడం ఆ నేపథ్యం నుంచి వచ్చిన అలవాట్లు. తరువాతి వృత్తిలో ఆయనను మిగతా కాలమిస్టుల నుంచి వేరుచేసినవి కూడా అవే.

ఆయన పేరు మొదట గట్టిగా వినిపించింది దేశపు రెండో చివర, బ్రిటిష్ కొలంబియాలో. 1980ల మొదటి భాగంలో అక్కడి ప్రీమియర్, అంటే మన ముఖ్యమంత్రి లాంటి రాష్ట్ర ప్రభుత్వాధినేత, బిల్ బెన్నెట్‌కు ఆయన డిప్యూటీ మినిస్టర్. కెనడాలో ఈ హోదా రాజకీయ పదవి కాదు, మన రాష్ట్రాల్లో ముఖ్యమంత్రి కార్యాలయపు ముఖ్య కార్యదర్శి స్థాయి ఉద్యోగం. 1983 మేలో బెన్నెట్ నాయకత్వంలోని సోషల్ క్రెడిట్ పార్టీ తిరిగి గెలిచింది. జూలై 7న బడ్జెట్‌తో పాటు ఒక్కసారిగా 26 బిల్లులను సభ ముందు పెట్టింది. వాటిలో ఒకటి కారణం చూపకుండానే ప్రభుత్వ ఉద్యోగులను తొలగించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చేది. మానవహక్కుల పరిరక్షణకు ఉన్న యంత్రాంగం రద్దు, అద్దె నియంత్రణ ఎత్తివేత కూడా ఆ మూటలోనే ఉన్నాయి. కార్మిక సంఘాలు, పౌర సంఘాలు ‘సాలిడారిటీ’ పేరుతో ఏకమయ్యాయి. వాంకూవర్ వీధుల్లోకి పదుల వేల జనం వచ్చారు. నవంబరు 1న ప్రభుత్వోద్యోగులు సమ్మెకు దిగారు, వారం తరువాత ఉపాధ్యాయులూ కలిశారు. సార్వత్రిక సమ్మె రేపో మాపో అన్న స్థితి వచ్చింది.

దాన్ని ఆపిన సంప్రదింపుల్లో ప్రభుత్వం తరఫున ముఖ్యుడు స్పెక్టర్. ప్రభుత్వోద్యోగుల సంఘంతో జీతభత్యాల ఒప్పందం కుదిరింది. ఉద్యోగాల తొలగింపులో సీనియారిటీని పాటించడానికి అంగీకారం వచ్చింది. నవంబరు 13న కలప కార్మికుల నాయకుడు జాక్ మన్రో కెలోనాలోని బెన్నెట్ ఇంటికి వెళ్ళి మిగిలిన అంశాలపై ప్రీమియర్‌తో మాట్లాడి ఉద్యమం ముగిసిందని ప్రకటించారు. అయితే ఆ మిగిలిన అంశాలను ఎవరూ కాగితం మీద పెట్టలేదు. సమ్మె వల్ల మిగిలిన జీతాల సొమ్ము పాఠశాలలకే దక్కుతుందా, సామాజిక బిల్లులపై సంప్రదింపులు అంటే ప్రభుత్వం ఏమేరకు కట్టుబడినట్టు, ఈ ప్రశ్నలకు కొద్ది రోజుల్లోనే రెండు పక్షాలూ రెండు జవాబులు చెప్పడం మొదలుపెట్టాయి. ఉద్యమంలో ఉన్న పౌర సంఘాలు దాన్ని ఈనాటికీ ద్రోహంగానే చెప్పుకుంటాయి. ప్రభుత్వ దృష్టిలో చూస్తే మాత్రం, రాయకపోవడం వల్లనే ఆ ఒప్పందం అసలు కుదిరింది. ప్రతి వాక్యాన్నీ కాగితం మీద పెట్టాలని కూర్చుంటే ఆ రాత్రి సమ్మె ఆగేది కాదు. అస్పష్టత కూడా సంధికర్త చేతిలో ఒక పనిముట్టే. దాని ఖరీదు తరువాత, తరచుగా వేరెవరో చెల్లిస్తారు.

1986లో బెన్నెట్ పదవి నుంచి తప్పుకున్నారు. అదే ఏడాది స్పెక్టర్ ఒట్టావాకు మారి, కేంద్ర రాష్ట్ర సంబంధాల వ్యవహారాలకు మంత్రివర్గ కార్యదర్శి అయ్యారు. ప్రధాని బ్రయన్ మల్రూనీకి అప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన పని ఆ కార్యాలయం చేతిలోనే ఉంది. 1982లో కెనడా తన రాజ్యాంగాన్ని బ్రిటన్ పార్లమెంటు నుంచి తెచ్చుకున్నప్పుడు క్విబెక్ ప్రభుత్వం దానికి సమ్మతించలేదు. చట్టరీత్యా ఆ రాజ్యాంగం క్విబెక్‌కూ వర్తించింది, రాజకీయంగా మాత్రం ఆ గాయం మానలేదు. 1985 చివర తిరిగి అధికారంలోకి వచ్చిన క్విబెక్ ప్రీమియర్ రాబర్ట్ బురాసా అయిదు షరతులు పెట్టారు. క్విబెక్‌ను విశిష్ట సమాజంగా గుర్తించడం, రాజ్యాంగ సవరణలపై వీటో, సుప్రీంకోర్టు న్యాయమూర్తుల నియామకంలో పాత్ర, వలసల విషయంలో మరింత అధికారం, రాష్ట్రాల పరిధిలోని రంగాల్లో కేంద్రం చేసే ఖర్చుకు పరిమితి అన్నవి ఆ అయిదూ.

1987 ఏప్రిల్ 30న ఒట్టావాకు చేరువలో ఉన్న మీచ్ లేక్ ఒడ్డున ప్రభుత్వ విడిదిలో ప్రధాని, పదిమంది ప్రీమియర్లు సమావేశమయ్యారు. ఆ గదిలోకి సలహాదారులను రానివ్వలేదు. నోట్ రాసుకునే బాధ్యత మీద లోపల కూర్చున్న అతి కొద్దిమంది అధికారుల్లో స్పెక్టర్ ఒకరు. పొద్దుపోయేసరికి పదకొండు మందీ ఒప్పుకున్నారు. జూన్ మొదట్లో ఒట్టావాలోని లాంజవిన్ భవనంలో తెల్లవార్లూ కూర్చుని ఆ అంగీకారాన్ని చట్టభాషలోకి మార్చారు. కెలోనాలో జరిగిన దానికి ఇది పూర్తిగా తిరగేసిన రూపం. ఇక్కడ ప్రతి పదమూ రాశారు, న్యాయనిపుణులు తూచారు, పదకొండు సంతకాలు పడ్డాయి.

అయినా చిక్కు తప్పలేదు. ‘విశిష్ట సమాజం’ అన్న రెండు మాటలను క్విబెక్‌లో ఒక కొత్త అధికారంగా చెప్పుకున్నారు. మిగతా కెనడాలో అదే వాక్యాన్ని ఉన్న వాస్తవాన్ని గుర్తించడం తప్ప మరేమీ కాదని నచ్చజెప్పారు. కాగితం ఒకటే, దాని మీది వాగ్దానాలు రెండు. ఆ లోపాన్ని కప్పిపుచ్చవలసిన కాలం తక్కువగా ఉంటే బహుశా ఒప్పందం గట్టెక్కేది. కానీ సవరణకు పది రాష్ట్రాల శాసనసభల ఆమోదమూ కావాలి, గడువు మూడేళ్ళు. 1987 జూన్ 23న క్విబెక్ ఆమోదించింది, అక్కడి నుంచి లెక్క మొదలైంది. ఈలోగా న్యూ బ్రన్స్‌విక్‌లో ఫ్రాంక్ మెకెన్నా, మానిటోబాలో గ్యారీ ఫిల్మన్, న్యూఫౌండ్‌లాండ్‌లో క్లైడ్ వెల్స్ అధికారంలోకి వచ్చారు. ఈ ముగ్గురిలో ఎవరూ ఆ బల్ల దగ్గర కూర్చున్నవారు కారు. 1988 డిసెంబరులో దుకాణాల బోర్డులపై ఫ్రెంచి మాత్రమే ఉండాలన్న నిబంధనను సుప్రీంకోర్టు కొట్టివేసింది. కొన్ని హక్కులను పక్కనపెట్టడానికి వీలిచ్చే మినహాయింపు నిబంధన రాజ్యాంగంలో ఉంది, బురాసా దాన్ని వాడి ఆ ఆంక్షలో ముఖ్యభాగాన్ని మళ్ళీ తెచ్చారు. ఇంగ్లీషు కెనడాలో ఒప్పందం మీద ఉన్న కొద్దిపాటి సద్భావం దానితో ఆవిరైంది.

1990 జూన్ మొదటి వారంలో ప్రీమియర్లందరినీ ఒట్టావాకు రప్పించి రోజుల తరబడి తలుపులు మూసుకుని మాట్లాడారు. గడువు దగ్గరపడే దాకా ఆగి, దేశం విడిపోతుందన్న భయాన్ని గదిలోకి తెచ్చి, అలసటతో ఒప్పించడం అక్కడ కనిపించిన వ్యూహం. ఆ సంప్రదింపులను నడిపిన అధికార యంత్రాంగానికి స్పెక్టర్ అగ్రభాగాన ఉన్నారు. జూన్ 9న అందరూ సంతకాలు చేశారు, వెల్స్ మాత్రం షరతుతో. వెంటనే మల్రూనీ ‘గ్లోబ్ అండ్ మెయిల్’ విలేకరులతో మాట్లాడుతూ, పాచికలన్నీ ఒక్కసారిగా విసిరే రోజును తాను ముందే ఎంచుకున్నానన్న అర్థం వచ్చేలా చెప్పారు. గదిలోని రహస్యాన్ని ప్రధానే స్వయంగా, అదీ గొప్పగా, బయటపెట్టుకున్నారు. ఇది నిజంగా విడ్డూరమే. అధికారులకు మౌనవ్రతం విధించే వ్యవస్థలో అన్నిటికంటే ఖరీదైన మాటజారడం రాజకీయ నాయకుడి నోటి నుంచే వచ్చింది.

దెబ్బ మాత్రం వేరే చోట నుంచి తగిలింది. ఆదివాసీల స్వపరిపాలన హక్కుపై జరిగిన చివరి రాజ్యాంగ సమావేశం 1987 మార్చిలో, అంటే మీచ్ లేక్ సమావేశానికి కొన్ని వారాల ముందే, ఫలితం లేకుండా ముగిసింది. తమకు దొరకని ఏకాభిప్రాయం క్విబెక్‌కు ఒక్కరోజులో దొరికిందన్న సంగతిని ఆదివాసీ నాయకులు మరిచిపోలేదు. మానిటోబా శాసనసభలో గడువులోగా తీర్మానం పెట్టాలంటే సభ్యులందరి సమ్మతీ కావాలి. చేతిలో గద్ద ఈక పట్టుకుని ఎలైజా హార్పర్ అనే ఆదివాసీ సభ్యుడు ప్రతిసారీ ఒప్పుకోనన్నారు. కాలం చెల్లిపోయింది. న్యూఫౌండ్‌లాండ్‌లో ఓటింగే జరగలేదు. 1990 జూన్ 23తో మీచ్ లేక్ ఒప్పందం ముగిసింది. దాని పర్యవసానంగా లూసియన్ బుషార్ నాయకత్వంలో క్విబెక్ వేర్పాటును కోరే బ్లాక్ క్విబెక్వా పార్టీ పుట్టింది. 1993 ఎన్నికల్లో మల్రూనీ పార్టీకి రెండే సీట్లు మిగిలాయి. 1995 అక్టోబరు 30 నాటి రెఫరెండంలో క్విబెక్ వేర్పాటు ప్రతిపాదన 50.58 శాతం వ్యతిరేక ఓట్లతో వెంట్రుకవాసిలో ఓడింది. ఇన్ని పరిణామాలకు ఒక అధికారిని బాధ్యుణ్ణి చేయడం అన్యాయం. కానీ పదకొండు మందిని గదిలో ఒప్పిస్తే దేశం ఒప్పుకున్నట్టేనన్న నమ్మకం మీద నడిచిన పద్ధతికి ఆయన ముఖ్య నిర్వాహకుల్లో ఒకరన్నది కాదనలేని విషయం.

ఆ ఓటమి తరువాత కొద్ది నెలలకే, 1990 శరదృతువులో, ఆయన మల్రూనీ కార్యాలయ ప్రధానాధికారి అయ్యారు. వృత్తి దృష్టితో చూస్తే ఇది చిన్న అడుగు కాదు. మంత్రివర్గ కార్యదర్శి తటస్థ ప్రభుత్వ సేవకు చెందినవాడు. ప్రధాని కార్యాలయ ప్రధానాధికారి మాత్రం రాజకీయ నియామకం, ప్రధానితో వచ్చి ప్రధానితో పోయే ఉద్యోగం. మల్రూనీ ఈ గీతను దాటించడం అది మొదటిసారి కూడా కాదు. 1987లో విదేశాంగ శాఖకు చెందిన డెరెక్ బర్నీని అదే కుర్చీలో కూర్చోబెట్టి, 1989లో వాషింగ్టన్‌కు రాయబారిగా పంపారు. స్పెక్టర్ విషయంలోనూ అదే బాట కనిపిస్తుంది. వస్తుసేవల పన్ను అమలు, క్విబెక్‌లోని ఓకాలో మోహాక్ ఆదివాసీల ప్రతిఘటన ముగింపు, గల్ఫ్ యుద్ధం, పడిపోతున్న ప్రజాదరణ, వీటన్నిటి మధ్య సుమారు ఏడాదిన్నర పనిచేసి 1992లో ఆయన ఇజ్రాయెల్‌కు రాయబారిగా వెళ్ళారు. తటస్థ సేవకూ రాజకీయానికీ మధ్య కెనడాలో గోడ ఉందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ప్రధాని చుట్టూ ఉండే కేంద్ర కార్యాలయాల్లో ఆ గోడ తెరలాంటిది మాత్రమేనని ఈ రెండు నియామకాలూ చూపుతాయి.

టెల్ అవీవ్ నియామకానికి వేరే ప్రాముఖ్యం కూడా ఉంది. ఇజ్రాయెల్‌కు యూదు మతస్థుణ్ణి కెనడా రాయబారిగా పంపడం అదే మొదటిసారి. అలాంటి వ్యక్తి నిష్పాక్షికంగా ఉండగలడా అన్న సందేహం పైకి అనకపోయినా విదేశాంగ వర్గాల్లో పాతదే. ఇజ్రాయెల్ వ్యవహారాల్లో కెనడాకు ఒక చేదు అనుభవమూ ఉంది. 1979లో ప్రధాని జో క్లార్క్ రాయబార కార్యాలయాన్ని టెల్ అవీవ్ నుంచి జెరూసలేంకు మారుస్తామని ప్రకటించి, అరబ్ దేశాల నిరసనతో కొద్ది నెలల్లోనే వెనక్కి తగ్గవలసి వచ్చింది. స్పెక్టర్ వెళ్ళిన సమయం మాత్రం అనుకూలమైనది. 1992 జూన్ ఎన్నికల్లో శాంతి చర్చలకు సుముఖుడైన యిట్జాక్ రాబిన్ గెలిచారు. 1991 నాటి మాడ్రిడ్ మధ్యప్రాచ్య శాంతి సమావేశం తరువాత ఏర్పడిన బహుపాక్షిక చర్చల్లో పాలస్తీనా శరణార్థుల బృందానికి అధ్యక్షత కెనడాదే. దాని మొదటి సమావేశం 1992 మేలో ఒట్టావాలో జరిగినప్పుడు ప్రవాస పాలస్తీనియన్ల ప్రాతినిధ్యాన్ని నిరసిస్తూ ఇజ్రాయెల్ బహిష్కరించింది. రాయబారి పని ఎంత సున్నితమైనదో చెప్పడానికి అది చాలు.

1993 సెప్టెంబరు 13న వాషింగ్టన్‌లో ఇజ్రాయెల్, పాలస్తీనా విమోచన సంస్థల మధ్య కుదిరిన ఓస్లో ప్రకటనపై సంతకాలు జరిగాయి. జెరూసలేం భవిష్యత్తు, శరణార్థులు, స్థావరాలు, సరిహద్దులు వంటి కీలకాంశాలను తరువాతి చర్చలకు వాయిదా వేసిన ఒప్పందం అది. కెలోనా, మీచ్ లేక్ అనుభవాలున్న అధికారికి ఆ వాయిదాల స్వభావం కొత్తగా తోచి ఉండదు. ఆ ఏడాదే ఒట్టావాలో లిబరల్ పార్టీ గెలిచి జాన్ క్రెటియెన్ ప్రధాని అయ్యారు. మల్రూనీ మనిషిగా ముద్రపడినా స్పెక్టర్ 1995 దాకా ఆ పదవిలో కొనసాగారు. కెనడా, ఇజ్రాయెల్ మధ్య స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందానికి చర్చలు జరపాలన్న నిర్ణయం కూడా ఈ కాలంలోనే, 1994లో, వెలువడింది. టెల్ అవీవ్‌తో పాటు సైప్రస్‌కు హైకమిషనర్ బాధ్యత కూడా ఆయనదే. 1964 నుంచి ఆ ద్వీపంలో ఉన్న కెనడా శాంతి దళం ప్రధాన భాగం 1993లో తిరిగివచ్చేసింది. ఇజ్రాయెల్ నుంచి తిరిగివచ్చాక స్పెక్టర్ అట్లాంటిక్ రాష్ట్రాల అభివృద్ధి సంస్థకు కొంతకాలం అధ్యక్షుడిగా పనిచేసి, ప్రభుత్వ సేవ నుంచి బయటికి వచ్చారు.

పత్రికారంగంలో ఆయన తొలి పెద్ద ఉద్యోగం రాతగాడిది కాదు, యజమాని ప్రతినిధిది. 1997లో ఆయన ‘జెరూసలేం పోస్ట్’ ప్రచురణకర్త అయ్యారు. 1932లో ‘పాలస్తీనా పోస్ట్’గా మొదలై 1950లో పేరు మార్చుకున్న ఈ ఇంగ్లీషు దినపత్రిక చాలాకాలం లేబర్ ధోరణిలో నడిచింది. 1989లో కెనడా పత్రికాధిపతి కాన్రాడ్ బ్లాక్‌కు చెందిన హోలింగర్ సంస్థ దాన్ని కొన్నది. కొత్త యాజమాన్యం సంపాదకీయ విషయాల్లో జోక్యం చేసుకుంటోందని మరుసటి ఏడాది ఆరంభంలో సుమారు 30 మంది పాత్రికేయులు వెళ్ళిపోయారు. తరువాత సంపాదకుడైన డేవిడ్ బార్ ఇలన్ 1996లో నేరుగా ప్రధాని నెతన్యాహూ కార్యాలయంలో చేరారు. అధికారానికీ పత్రికకూ మధ్య రాకపోకలు ఒట్టావాలో గుసగుసగా జరిగితే జెరూసలేంలో పట్టపగలు జరిగేవి. రెండేళ్ళ ముందు ఇజ్రాయెల్‌లో కెనడా అధికారిక వాణిగా ఉన్న మనిషి అక్కడి పత్రికకు ప్రచురణకర్తగా రావడం ఏ ఇతర రాజధానిలోనైనా పెద్ద చర్చ అయ్యేది. రాయబారిగా సంపాదించిన పరిచయాలు పత్రికకు పెట్టుబడిగా మారడంలో చట్టవిరుద్ధమేమీ లేదు. అది పూర్తిగా సుఖంగా అనిపించే సంగతి కూడా కాదు.

కాలమిస్టు స్పెక్టర్ కనిపించేది ఆ తరువాతే. 2000ల దశకంలో ఆయన ‘గ్లోబ్ అండ్ మెయిల్’లోనూ, మాంట్రియల్ ఫ్రెంచి పత్రిక ‘లె దెవ్వార్’లోనూ రాశారు. మధ్యప్రాచ్య శాంతి ప్రయత్నాల వైఫల్యంపై 2003లో ఒక పుస్తకం తెచ్చారు. ఒట్టావాలో కాక పశ్చిమ తీరాన బ్రిటిష్ కొలంబియాలో ఉంటూ, ఇంగ్లీషు, ఫ్రెంచి పత్రికలు ఒకే రోజు దేనికి పతాక శీర్షిక కట్టాయో, దేన్ని లోపలి పేజీలోకి నెట్టాయో పక్కపక్కన పెట్టి చూపడం ఆయనకు నిత్యకృత్యమైంది. ‘విశిష్ట సమాజం’ అన్న మాటను రెండు భాషల్లో రెండు విధాలుగా అమ్మిన ఒప్పందాన్ని దగ్గరుండి చూసినవాడు ఈ పని పెట్టుకోవడంలో ఆశ్చర్యం లేదు. కెనడా పాత్రికేయుల్లో రెండు భాషలు తెలిసినవారు చాలామంది ఉన్నారు. రెండు పాఠక లోకాలనూ ఒకే బల్ల మీద పరచి రోజూ పోల్చినవారు మాత్రం తక్కువ. ఆయన రాతల్లో నిలిచే భాగం ఇదేనని చెప్పవచ్చు.

ఆ స్వేచ్ఛకు రెండో ముఖం కూడా ఉంది. 2006లో ఒక రేడియో కార్యక్రమంలో పార్లమెంటు సభ్యురాలు బెలిండా స్ట్రోనాక్‌ను ఉద్దేశించి ఆయన వాడిన అవమానకరమైన మాటపై దేశవ్యాప్తంగా విమర్శ వచ్చింది. దశాబ్దాల పాటు ప్రతి పదాన్నీ తూచి వాడవలసిన ఉద్యోగాలు చేసిన మనిషి మైకు ముందు అంత తేలిగ్గా జారడాన్ని వృత్తి మార్పు ఇచ్చిన విశృంఖలతగా కొందరు చూశారు. అది కేవలం సంస్కార లోపమని మరికొందరు అన్నారు. రెండో మాటే సూటిగా ఉంది.

ఆయన పాత, కొత్త వృత్తులు నేరుగా ఢీకొన్నది మల్రూనీ, ష్రైబర్ వ్యవహారంలో. కార్ల్‌హైంజ్ ష్రైబర్ అనే జర్మన్ కెనడియన్ వ్యాపారి నోవా స్కోషియాలోని బేర్ హెడ్ అనే చోట థిస్సెన్ సంస్థ తరఫున తేలికపాటి సాయుధ వాహనాల కర్మాగారం పెట్టించాలని ఏళ్ళ తరబడి ప్రయత్నించాడు. ప్రధాని పదవి వదిలాక, 1993, 1994 సంవత్సరాల్లో, మూడు విడతలుగా అతని నుంచి నగదు తీసుకున్నట్టు మల్రూనీ 2007లో పార్లమెంటు నైతిక వ్యవహారాల సంఘం ముందు ఒప్పుకున్నారు. మొత్తం 2,25,000 డాలర్లని ఆయన, 3,00,000 డాలర్లని ష్రైబర్ చెప్పారు. స్పెక్టర్ ఆ సంఘం ముందూ, తరువాత జస్టిస్ జెఫ్రీ ఆలిఫంట్ విచారణ కమిషన్ ముందూ హాజరయ్యారు. తాను కార్యాలయ ప్రధానాధికారిగా ఉన్న కాలంలో బేర్ హెడ్ ప్రతిపాదనను పరిశీలించాననీ, దానివల్ల ఖజానా మీద పడే భారం 10 కోట్ల డాలర్లను దాటుతుందని చెప్పినప్పుడు, అయితే అది ముగిసినట్టేనని ప్రధాని తనతో అన్నారనీ ఆయన సాక్ష్యం. 2010 మే 31న వెలువడిన నివేదికలో ఆలిఫంట్, ష్రైబర్‌తో మల్రూనీ జరిపిన వ్యవహారాలు అనుచితమైనవనీ, మల్రూనీ ప్రభుత్వమే 1985లో రూపొందించిన ప్రవర్తనా నియమావళి ప్రమాణాలకు అవి తూగవనీ తేల్చారు.

ఇక్కడ సాక్షి ఎవరన్నది ప్రశ్న. ప్రధానికి అత్యంత సన్నిహితంగా ఉండి ఆయన నమ్మకాన్ని పొందిన ఉద్యోగి, ఆ వ్యవహారంపై బహిరంగంగా వ్యాఖ్యానిస్తున్న కాలమిస్టు, ప్రమాణం చేసి నిజం చెప్పవలసిన సాక్షి, ముగ్గురూ ఒక్కరే. మల్రూనీ అభిమానులకు ఇది విశ్వాసఘాతుకంలా కనిపించింది. పత్రికల వారికి అరుదైన నిజాయితీలా కనిపించింది. రెండు అభిప్రాయాలూ ఒక తేడాను మరుస్తున్నాయి. విచారణ సంఘం పిలిచినప్పుడు చెప్పడం పౌరధర్మం, అక్కడ మౌనానికి చోటు లేదు. కాలమ్‌లో చెప్పడం మాత్రం ఎంపిక. ఏది చెప్పాలి, ఏది దాచాలి, ఎప్పుడు చెప్పాలి అన్నవి అక్కడ రచయిత చేతిలోనే ఉంటాయి. పాఠకుడి దగ్గర ఆ గది తాళంచెవి లేదు. మంత్రివర్గ రహస్య పత్రాలు కెనడా సమాచార హక్కు చట్టం ప్రకారం ఇరవై ఏళ్ళపాటు ఆ చట్టం పరిధిలోకే రావు. అంటే 1990 నాటి మీచ్ లేక్ కాగితాలకు ఆ రక్షణ తొలగడం మొదలైంది 2010లో. అంతవరకు ఆ విషయాలపై లోపలి మనిషి మాటను సరిచూసుకునే మార్గం మరొక లోపలి మనిషి మాట మాత్రమే.

బేర్ హెడ్ సాక్ష్యానికి ఉన్న బలం, బలహీనత కూడా అక్కడే ఉన్నాయి. ఒక ప్రాజెక్టు ముగిసిందని ప్రధాని నోటిమాటగా చెబితే దానికి ఫైలులో జాడ ఉండకపోవచ్చు. విన్నవాడి జ్ఞాపకమే దస్తావేజు అవుతుంది. అలాంటప్పుడు ఆ జ్ఞాపకానికి విలువ రావాలంటే దాన్ని మోస్తున్న మనిషికి అందులో లాభనష్టాలు లేవని జనం నమ్మాలి. రోజూ అభిప్రాయాలు అచ్చువేసే కాలమిస్టుకు ఆ నమ్మకాన్ని సంపాదించడం పదవీ విరమణ చేసి మౌనంగా ఉన్న అధికారికంటే కష్టం. స్పెక్టర్ దాన్ని చాలావరకు కాపాడుకోగలిగారంటే కారణం, ఆయన తన పాత యజమానులతో పాటు వారి ప్రత్యర్థులను కూడా వదలకపోవడం.

ఆయన నడిచిన దారిలో కొన్ని తలుపులు ఆ తరువాత మూసుకున్నాయి. మంత్రుల రాజకీయ సిబ్బంది పోటీ లేకుండా ప్రభుత్వ సేవలోకి వచ్చేందుకు ఉన్న ప్రాధాన్య హక్కును 2006 నాటి జవాబుదారీ చట్టం రద్దు చేసింది. 2008 జూలై నుంచి అమలులోకి వచ్చిన లాబీయింగ్ చట్టం ప్రకారం మంత్రులు, వారి కార్యాలయ సిబ్బంది, డిప్యూటీ మినిస్టర్లు పదవి వదిలాక అయిదేళ్ళపాటు కేంద్ర ప్రభుత్వం దగ్గర పైరవీ చేయకూడదు. బయటివారికి తెలియని సమాచారాన్ని వాడి సలహాలివ్వకూడదన్న నిషేధమూ ఉంది. పత్రికలో కాలమ్ రాయడానికి మాత్రం ఇలాంటి విరామ కాలమేదీ లేదు. రహస్యాన్ని కాపాడతానని ఉద్యోగంలో చేరిన రోజున చేసిన ప్రమాణమే అక్కడ ప్రధానమైన అడ్డు. ప్రధాని కార్యాలయం నుంచి శుక్రవారం బయటికి వచ్చినవారు సోమవారం నాటి సంచికలో వ్యాసం రాయవచ్చు. టెలివిజన్ చర్చల్లో ఇప్పుడు అన్ని పార్టీల మాజీ సలహాదారులూ కూర్చుంటున్నారు. వారిలో ఎక్కువమంది తమ పార్టీ వాదననే వినిపిస్తున్నారు కాబట్టి, లోపలి సంగతి తెలిసి చెప్పేవారు స్పెక్టర్ కాలంకంటే పెరిగారని అనుకోవడానికి ఆధారం లేదు.